రెండో గుర్తు

తిననంటే తిననని కూడా అనడం లేదు దూది. బావకి అదే భయంగా ఉంది.

"అరిచినా బాగుండేది," అన్నాడతను, భార్య కోసం పళ్ళెం పట్టుకుని మూసిన తలుపు ముందు నిలబడి. "ఈ పళ్ళెం తీసి నా మొహాన కొట్టినా బాగుండేది."

లోపల కుట్టు మెషీను నడుస్తూనే ఉంది. ఎక్కడో దూరంగా వాన పడుతున్నట్టు, సన్నగా, ఎడతెగకుండా. ఆదివారం మధ్యాహ్నం భోజనం దగ్గర నుంచి లేచి ఆ గదిలోకి వెళ్ళిన మనిషి, మంగళవారం తెల్లారినా ఇంట్లో ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడలేదు. స్నానానికి వస్తోంది, మంచినీళ్ళకి వస్తోంది. ఎదురుపడ్డవాళ్ళు కిటికీ అద్దాలైనట్టు వాళ్ళలోంచి అవతలికి చూసుకుంటూ మళ్ళీ లోపలికి పోతోంది.

"దూదీ, అరగంటలో నేను బస్సు తియ్యాలి. తినకపోతే మానె, పళ్ళెం అందుకో చాలు."

మెషీను ఆగింది. బావ పళ్ళెం తలుపు వైపు చాపాడు. మళ్ళీ మొదలైంది.

అతను పళ్ళెం తలుపు పక్కన స్టూలు మీద పెట్టి వంటగదిలోకి వచ్చాడు. "అరవైమందిని ఎక్కించుకుని కొండమలుపులో బస్సు తిప్పుతాను. ఈ తలుపు దగ్గర మాత్రం చేతులాడటం లేదు," అన్నాడు ఎవరినీ ఉద్దేశించకుండా.

వంటగదిలో అత్తగారూ మరదలూ చెరో మూల ఉన్నారు. మరదల్ని, అంటే దూది చెల్లెల్ని, ఇంట్లో పుల్ల అంటారు. ముప్ఫై ఎనిమిదేళ్ళొచ్చినా ఆ పేరు పోలేదు, ఆ ఒళ్ళూ మారలేదు. పుట్టగానే బొద్దుగా, తెల్లగా ఉందని పెద్దదానికి దూది అని, ఎముకలు లెక్కపెట్టుకునేలా ఉందని చిన్నదానికి పుల్ల అని పేర్లు పెట్టింది వాళ్ళ నాన్న. ఆయన పోయి ఇరవై ఆరేళ్ళు.

"నీకెందుకే అసలు?" అంది అమ్మ, పుల్ల వైపు చూడకుండా గ్యాస్ పొయ్యి తుడుస్తూ. తుడిచిన చోటే తుడుస్తోంది. "దాని రక్తం దానిది. వద్దన్నది విప్పి చూశావు. చూసినదానివి నోరు మూసుకుని ఊరుకోలేకపోయావు."

"ఊరుకుంటే ఏమయ్యేదో తెలుసా నీకు?"

"నాకు తెలియక్కర్లేదు. దానికి ఇరవయ్యేళ్ళప్పటి నుంచీ చెబుతూనే ఉన్నాను, కాస్త నోరు కట్టుకోవే అని. ఇప్పుడు మీ మెషీన్లు కూడా అదే చెప్పాయి. అంతేగా!"

"అత్తయ్యా," అన్నాడు బావ. గొంతు పెంచలేదు. పెంచే అలవాటు లేదు. "ఆ మాట ఇంకొక్కసారి ఆ గదిలోకి వినపడేట్టు అనకండి."

అమ్మ గుడ్డ పిండి ఆరేసింది. అతను తాళాలు తీసుకుని మెట్లు దిగిపోయాడు. మూడంతస్తుల కిందకి అతని అడుగుల చప్పుడు తగ్గుతూ, తగ్గుతూ, ఆగిపోయింది.

పుల్ల చేతిలో టీ చల్లారిపోయింది.

ఆమె పనిచేసేది ఒక రక్తపరీక్షల లాబ్‌లో. లావుగా ఉన్నవాళ్ళు రెండువందల నలభైమంది దగ్గర రక్తం తీసుకుని, వాళ్ళ రక్తనాళాల్లో పూడిక మొదలైందో లేదో, నొప్పి అంటూ తెలియకముందే ఆ రక్తం చెప్పగలదేమో చూస్తున్నారక్కడ. అలా ముందే చెప్పేవాటిని వాళ్ళు గుర్తులు అంటారు. రా అక్కా, రా అక్కా అని మూడు నెలలు వెంటపడి దూదిని అందులో చేర్చింది పుల్లే.

"ఇస్తాలే," అంది అప్పుడు దూది నవ్వుతూ. "అందులో ఏముందో మాత్రం నాకు చెప్పకు. మణికట్టు బెణికిందని వెళ్తే బరువు తగ్గమన్నారు. చెవిలో పురుగు దూరిందని వెళ్తే బరువు తగ్గమన్నారు. పురుగు బరువెంతో ఒక్కడూ అడగలేదు. ఇంక నాకు వినే ఓపిక లేదే పుల్లా."

ఒప్పుకోలు కాగితంలో, ఫలితం మీకు తెలియజేయాలా అని అడిగే గడిలో, వద్దు అన్నచోట, తను కుట్టే కర్టెన్ల బట్ట మీద సుద్దతో గీసినట్టు గట్టిగా గీత గీసింది.

ఆ గీతని పుల్ల దాటింది.

*

లాబ్‌లో ఫ్రీజరు తెరిస్తే తెల్లటి పొగ నేలమీదకి జారి పాదాలని చుట్టుకుంటుంది. అందులో వరసలు వరసలుగా చిన్న గొట్టాలు. రక్తంలోంచి తీసిన లేత పసుపు నీరు గడ్డకట్టి, మీద ఒక అంకె. పేర్లుండవు. పుల్లకి ఆ గది ఇష్టం. ఒక్కో గొట్టం వెనకా ఎక్కడో ఒక మనిషి వంట చేసుకుంటూనో, బస్సు కోసం చూస్తూనో ఉన్నాడని అనుకుంటే ఆమెకి కల కంటున్నట్టు ఉండేది.

ఈవేళ ఆ గది దాకా వెళ్ళకముందే డాక్టరమ్మ పిలిచింది. అరవై దాటిన మనిషి. పరిశోధనంతా ఆమె చేతుల మీదుగానే నడుస్తోంది.

"కూర్చో."

పుల్ల కూర్చోలేదు.

"నూట పదిహేడు ఎవరో నీకు తెలుసు. నువ్వే తీశావు ఆ రక్తం. పోయిన శుక్రవారం ఆ ఫలితం తెరిచావు. కంప్యూటర్లో నీ పేరు పడింది."

"మా అక్క డాక్టరుగారూ."

"అందుకే నువ్వు తెరవకూడదు."

పుల్ల తల వంచుకుంది. "రక్తనాళాల్లో వాపు చూపే ఆ గుర్తు అంత ఎక్కువగా ఉంటే చూస్తూ ఊరుకోలేకపోయాను. నిచ్చెనలు ఎక్కుతుంది తను. ఎవరెవరి ఇళ్ళలోనో పై దాకా ఎక్కి కర్టెన్లు తగిలిస్తుంది. అక్కడ ఏదైనా అయితే..."

"నాకొచ్చి చెప్పి ఉంటే, ఆమెని ఎలా పిలవాలో, ఎలా అడగాలో నేను చూసుకునేదాన్ని. వద్దన్నవాళ్ళని కూడా మళ్ళీ ఒకసారి అడగడానికి మాకో పద్ధతుంది. నువ్వేం చేశావు? భోజనం చేస్తున్న మనిషికి చెప్పావు. అందరి ముందు."

"మీకెవరు చెప్పారు?"

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "మీ అక్క. పొద్దున ఏడింటికి ఫోన్ చేసింది. మా చెల్లెలు సగం చెప్పింది, మిగతా సగం మీరు చెప్పండి అంది."

పుల్ల కుర్చీ లాక్కుంది. ఇప్పుడు కూర్చుంది.

"మిగతా సగమా? మిగతా సగం ఏముంది?"

"నిన్న సాయంత్రం రెండో విడత ఫలితాలొచ్చాయి. వేరే గుర్తు. ఆమె అడిగింది కాబట్టి ఆమెకి చెప్పాను. నీకు చెప్పను."

"డాక్టరుగారూ, నేను..."

"నీ కార్డు ఇక్కడ పెట్టి వెళ్ళు. నెలరోజులు ఈ గదుల్లోకి రావద్దు. ఆ తర్వాత మాట్లాడుకుందాం."

మెడలోంచి కార్డు తీస్తుంటే దారం జుట్టులో చిక్కుకుంది. డాక్టరమ్మ లేచి వచ్చి మెల్లిగా విడదీసింది. ఆ మెత్తదనమే ఎక్కువ బాధపెట్టింది పుల్లని.

బయట వీధిలో ఎండ పల్చగా ఉంది. చలవ పెట్టిన బట్టల వాసన, ఎవరో పియానో మీద ఒకే నాలుగు స్వరాలు మళ్ళీ మళ్ళీ నేర్చుకుంటున్న చప్పుడు. పుల్ల బస్సెక్కలేదు. ఇంటికి నడిచే వెళ్ళింది. 

*

గది తలుపు తెరిచి ఉంది.

స్టూలు మీద పళ్ళెం ఖాళీగా ఉంది. పుల్ల దాన్ని చూసి గుమ్మంలో ఆగిపోయింది.

లోపలంతా నీలం. ఊళ్ళో కొత్తగా కడుతున్న సంగీతశాలకి పధ్నాలుగు కర్టెన్లు కుడుతోంది దూది. కుట్టినవాటిని రెండు రోజులు కడ్డీకి వేలాడదీసి ఉంచాలి. బట్ట తన బరువుకి తాను సాగాల్సినంత సాగాక గానీ అంచు ఎక్కడ మడవాలో తెలియదు. అవి పైకప్పు నుంచి నేల దాకా వరసగా వేలాడుతున్నాయి. కిటికీ వెలుతురు వాటిలోంచి వడగట్టుకుని వస్తుంటే గోడలూ నేలా చేతులూ అన్నీ నీళ్ళ అడుగున ఉన్నట్టున్నాయి.

"రా," అంది దూది ఎక్కడినుంచో.

పుల్ల ఒక్కో కర్టెనూ పక్కకి జరుపుకుంటూ వెళ్ళింది. ఒకటి జరిపితే ఇంకొకటి. బట్ట చల్లగా చెంపలకి తగులుతోంది. చిన్నప్పుడు ఇలాగే అక్క కుట్టిన దుప్పట్లలో దాక్కునేది. చివరి కర్టెను అవతల, కత్తిరింపు బల్ల దగ్గర, దూది టేపు మెడలో వేసుకుని నిలబడి ఉంది.

"కార్డు తీసేసుకున్నారా?"

"ఊఁ."

"మంచిపని చేశారు."

"అక్కా, క్షమించు."

"ఆదివారం నువ్వేమన్నావో గుర్తుందా?"

పుల్ల కర్టెను అంచుని వేలికి చుట్టుకుంది.

"చెప్పు. అన్నదానివి నువ్వేగా!"

"రక్తనాళాల్లో ఏదో మొదలైందన్నాను. స్కాన్ చేయించుకోమన్నాను."

"దాని తర్వాత?"

కర్టెన్లు కాస్త కదిలి ఊరుకున్నాయి.

"నీ లావు నిన్ను మింగేస్తోందక్కా, అన్నాను."

"అమ్మ ముందు, మా ఆయన ముందు," అంది దూది. "నా నోట్లో ముద్ద ఉంది. అది మింగాలా ఉమ్మాలా తెలియలేదే నాకు. నలభై అయిదేళ్ళొచ్చాయి, తినడమెలాగో మర్చిపోయాను."

పుల్ల ఏడుస్తోంది. దూది ఆమె దగ్గరికి రాలేదు. సుద్దముక్క తీసుకుని బల్ల మీది బట్టపై ఒక గీత గీసింది, ఇంకొకటి గీసింది.

"ఏడుపు తర్వాత. ఇది విను. నాలో రెండున్నాయట. ఒకటి నువ్వు చూసింది. లోపలెక్కడో పొయ్యి సన్నమంట మీద పెట్టి మర్చిపోయినట్టు ఉంటుందట. దానికీ నా లావుకీ చుట్టరికం ఉందన్నారు. సరే అన్నాను. తగ్గించుకోవలసింది తగ్గించుకుంటాను. ఆవిడ తిట్టలేదు, నవ్వలేదు. చెప్పాల్సింది చెప్పిందంతే. అలా చెబితే నేను ఎప్పుడో వినేదాన్ని."

"రెండోది?"

"రక్తంలో కొవ్వుని మోసే రేణువుల్లో ఒక రకమట. అందరిలోనూ కాస్తో కూస్తో ఉంటుంది. నాలో చాలా ఉంది. రక్తనాళాల గోడలకి అంటుకుంటుందట. నేను నీలా పుల్లలా ఉన్నా అది అంతే ఉండేదట. తిండితో వచ్చింది కాదు, తిండి మానితే పోయేదీ కాదు. పుట్టుకతోనే తెచ్చుకున్నానన్నారు."

పుల్ల కళ్ళు తుడుచుకుంది. ఆ గుర్తు పేరు ఆమెకి తెలుసు. చెప్పలేదు. చెప్పే హక్కు పొద్దున్నే పోయింది.

"పుట్టుకతో అంటే..."

"అమ్మ వైపు నుంచైనా రావాలి, నాన్న వైపు నుంచైనా రావాలి." దూది సుద్దముక్క కింద పెట్టింది. "నాన్న ఎలా పోయాడే?"

"మెట్ల మీద. బల్ల మోస్తూ."

"ఎవరి బల్ల?"

కిందెక్కడో వీధిలో సైకిలు గంట మోగి దూరమైంది.

"నాదే," అంది దూది. "నా పంతొమ్మిదో ఏట. చిన్నబల్ల మీద బట్ట సరిగ్గా పరచుకోవట్లేదు నాన్నా, పెద్దది కావాలన్నాను. ఎవరో దుకాణం ఎత్తేస్తుంటే బల్ల తెచ్చాడు. ఇంకో మనిషి కింద కొస పట్టుకున్నాడు, నాన్న పైకొస. మూడో అంతస్తు మలుపులో బల్ల దించి దాని మీదే కూర్చున్నాడు. నేను గుమ్మంలో ఉన్నాను. నన్ను చూసి నవ్వాడు. ఒక్క నిమిషం, అన్నాడు."

"నాకు తెలుసక్కా."

"నీకు తెలియనిది ఒకటుంది. అది జరిగిన నెలకి అమ్మ నాతో ఒక మాటంది. 'అంత బల్ల నీకెందుకే, ఆ సన్నటి మనిషి చేత మోయించావు' అని. ఒక్కసారే అంది. మళ్ళీ ఎప్పుడూ అనలేదు. ఒక్కసారి చాలదూ?"

ఈ మాట పుల్ల ఎప్పుడూ వినలేదు. ఇన్నేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నారు. ఒకే దువ్వెన వాడుకున్నారు.

"పొద్దున ఫోన్ పెట్టేశాక గంటసేపు ఇక్కడే నిలబడ్డాను," అంది దూది. ఆమె గొంతు ఇప్పుడు నిద్రలో మాట్లాడేవాళ్ళ గొంతులా మెత్తబడింది. "ఇది నాన్న నుంచే వచ్చి ఉంటే, ఆయన ఉత్తచేతులతో ఆ మెట్లెక్కినా ఆ రోజు కాకపోతే మరో రోజు అదే జరిగేదేమో కదే! నేను కాదేమో కదా! ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి ఆకలేసింది. వెళ్ళి పళ్ళెం తెచ్చుకుని, అమ్మ చేసిందంతా తిన్నాను."

"అది తేలాలంటే అమ్మ రక్తం చూడాలి," అంది పుల్ల నెమ్మదిగా. "అమ్మలో లేకపోతే నాన్నదే. నాది కూడా చూడాలి. సన్నగా ఉన్నానని నన్నెవరూ ఎప్పుడూ పరీక్షకి పంపలేదు."

"అమ్మ ఇవ్వదు."

"ఎందుకివ్వదు?"

"ఇవ్వను."

ఆ మాట ఇద్దరిలో ఎవరూ అన్నది కాదు.

వాళ్ళు తిరిగి చూశారు. రెండో వరస కర్టెను అంచు కింద అమ్మ పాదాలు కనిపిస్తున్నాయి. ఎంతసేపటి నుంచి అక్కడ నిలబడిందో. నీలం బట్ట ఆమె ఊపిరికి కాస్త ముందుకీ వెనక్కీ ఊగుతోంది.

"ఇవతలికి రా అమ్మా," అంది పుల్ల.

"రాను. ఇక్కడే బాగుంది." అని, "నా రక్తం చూడక్కర్లేదు. అది మీ నాన్నదే," అంది.

"నీకెలా తెలుసు?"

 పుల్ల కర్టెను పక్కకి లాగబోయింది. దూది చెయ్యి పట్టి ఆపింది.

"ఆయనకి నొప్పి వచ్చేది," అంది అమ్మ బట్ట వెనకనుంచి. "ఆ బల్లకి ముందే. మొదటిసారి సంచులతో మెట్లెక్కుతుంటే. గుండెల మీద ఎవరో కూర్చున్నట్టుంది అన్నాడు. ఇంకోసారి ఊరికే, గడ్డం గీసుకుంటూ. ఎడమచెయ్యి లాగుతోంది, డాక్టరు దగ్గరికి వెళ్దాం, నువ్వూ రా అన్నాడు. ఆయనొక్కడే వెళ్ళలేడు. సూదంటే భయం."

"నువ్వేమన్నావు?"

"చిన్నదాని పరీక్షలు అయిపోనివ్వండి, అప్పుడు వెళ్దాం అన్నాను."

పుల్ల చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ ఏడాది తనకి పన్నెండేళ్ళు. లెక్కల పరీక్ష రాసి ఇంటికొచ్చేసరికి మెట్ల నిండా మనుషులున్నారు.

"ఇంకా ఎనిమిది రోజులే ఉన్నాయి పరీక్షలు అయిపోవడానికి," అంది అమ్మ. "ఎనిమిది రోజులేగా అనుకున్నాను."

 దూది మొహంలోకి చూడాలంటే పుల్లకి ధైర్యం చాలలేదు. ఆమె చేతుల్ని చూసింది. పెద్ద, మెత్తటి చేతులు. బల్ల అంచుని పట్టుకుని ఉన్నాయి. 

"నీకు తెలుసు," అంది దూది. "తెలిసీ నాతో ఆ మాటన్నావు."

"అన్నాను."

"ఎందుకమ్మా?"

"తప్పు ఎవరో ఒకరి మీద పెట్టకపోతే ఆ రోజుల్లో నేను నిలబడలేకపోయేదాన్ని." అంది అమ్మ. "ఆ తర్వాత వెనక్కి తీసుకుందామనుకున్నాను. ఎలా తీసుకోవాలో తెలియలేదు. దానికి బదులు తిండి మాట ఎత్తుతూ వచ్చాను. అదైతే అందరూ అనేదేగా."

దూది కదిలింది. అంత మనిషీ ఆ కర్టెన్ల మధ్య చప్పుడు కాకుండా నడిచింది. బట్ట పక్కకి జరపలేదు. దానికి ఇవతల, అమ్మకి ఎదురుగా నిలబడింది. నీలం బట్టలో అవతల నీడ, ఇవతల మనిషి. మధ్యలో జానెడు దూరం.

క్షమించానంటుందేమోనని చూసింది పుల్ల. అరుస్తుందేమోనని కూడా చూసింది.

"రేపు పదింటికి నాకు స్కాన్," అంది దూది. "డాక్టరమ్మే రాయించింది. మెడ దగ్గర రక్తనాళాలు చూస్తారట. పుల్ల రావద్దు. మా ఆయనా రావద్దు. నువ్వు రా."

"నేనా?"

"నువ్వే."

కర్టెను ఊగింది. ఊగి నిలిచింది. అమ్మ పాదాలు వెనక్కి ఒక అడుగు వేశాయి. పోతాయనుకుంది పుల్ల. పోలేదు.

"అక్కడ వాళ్ళు..." అమ్మ మాట ఆపి మళ్ళీ మొదలుపెట్టింది. "ఇదంతా అక్కడ చెప్పాల్సి వస్తుందా?"

"వస్తుంది," అంది దూది. "మీ నాన్నకి ఏమైందని, ముందు అదే అడుగుతారు."